ఢిల్లీ లేఖ: అతిథి ఊపిరికి పూచీ ఎవరిది?

పుష్యమాసపు చలి ప్రవేశించిందంటే రాజధాని రాత్రి స్వరూపమే మారిపోతుంది. పెద్దల బంగళాల ముందు కాపలాదారులు, పాతఢిల్లీ సందుల్లో రిక్షావాలాలు, పహాడ్‌గంజ్ లాడ్జీల వాకిళ్ళలో పనివాళ్ళు, అందరూ ఏదో ఒక అంగీఠీ చుట్టూ చేరి చేతులు కాచుకుంటూ కనిపిస్తారు. మన పల్లెటూళ్ళలో బాలింత గదిలో పెట్టే కుంపటికి ఇది ఉత్తరాది బంధువు. ఆరుబయట ఉన్నంతసేపూ దానివల్ల మేలే గాని కీడు లేదు. తలుపులు బిగించిన గదిలోకి అదే కుంపటి చేరిననాడు మాత్రం తెల్లవారేసరికి ఆ గదిలో లేచేవారు ఉండకపోవచ్చు. ఏటా శీతాకాలంలో ఇక్కడి పత్రికల లోపలి పుటల్లో ‘ఊపిరాడక మృతి’ అన్న శీర్షిక కింద నాలుగు పంక్తుల వార్త పడుతుంది. అంతటితో సంగతి ముగిసిపోతుంది.

సొంత ఇంట్లో ఇలా జరిగితే లోకం దానిని దురదృష్టం అంటుంది. అద్దె చెల్లించి దిగిన హోటలు గదిలో జరిగితే? దానిని కూడా దురదృష్టం పద్దులోనే వ్రాసివేయడం మన దేశంలో పరిపాటి అయింది. అది సరికాదనీ, హోటలు గదిలో విషవాయువుకు గురైన అతిథికి చట్టం కొన్ని హక్కులను స్పష్టంగానే ఇచ్చిందనీ, అయితే ఆ హక్కును నిలబెట్టవలసిన రుజువు కొద్ది గంటల్లోనే చేజారిపోతున్నదనీ చెప్పడమే ఈ వారం లేఖ ఉద్దేశం.

దామన్‌లో జరిగినది

2020 జనవరిలో కేరళకు చెందిన 15 మంది యాత్రికుల బృందం నేపాల్‌లో పర్యటించింది. పోఖరా చూసుకుని తిరిగివస్తూ మక్వాన్‌పూర్ జిల్లాలోని దామన్ అనే కొండ ఊరిలో ఒక విడిదిలో రాత్రికి దిగారు. సముద్రమట్టానికి సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉన్న ప్రదేశమది. వారు తీసుకున్నవి నాలుగు గదులు. చలి మూలంగా వారిలో ఎనిమిది మంది, అంటే రెండు జంటలూ నలుగురు పిల్లలూ, గ్యాసు హీటరు ఉన్న ఒకే గదిలో పడుకున్నారు. తలుపులూ కిటికీలూ మూసి ఉన్నాయి. మరునాడు, జనవరి 21న, వారు స్పృహ లేని స్థితిలో కనిపించారు. హెలికాప్టర్లలో ఖాట్మండుకు తరలించగా ఎనిమిది మందీ మరణించినట్లు వైద్యులు ప్రకటించారు.

నేపాల్ పర్యాటక శాఖ విచారణ జరిపించింది. ఆ విడిదిని మూడు నెలలపాటు మూసివేయవలసిందని ఆదేశించింది. ఎనిమిది ప్రాణాలు ఒకవైపు, మూడు నెలల మూసివేత మరొకవైపు. ఈ లెక్క ఏ తూకానికి సరిపోతుందో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

నాలుగు గదులు తీసుకుని ఎనిమిది మంది ఒకే గదిలో ఎందుకు పడుకున్నారని, లోపలినుంచి గడియ ఎందుకు వేసుకున్నారని ఆనాడు విడిది వైపునుంచి వినవచ్చింది. ఇలాంటి ప్రతి ప్రమాదంలోనూ వినిపించే సమాధానమే ఇది. చలి రాత్రి గడియ వేసుకుని పడుకోవడం అతిథి సహజంగా చేసే పని. మూసిన గదిలో గ్యాసు హీటరు వెలిగించరాదన్న సంగతి తెలిసి ఉండవలసినది ఎవరికి? ఒక్క రాత్రికి వచ్చిన యాత్రికుడికా, ఏటా ఆ చలిలోనే వ్యాపారం చేసే యజమానికా? బాధ్యతకు సంబంధించిన న్యాయశాస్త్రమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

వాసన లేని విషం

మన పాఠ్యపుస్తకాలలో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నది ఇది కాదు. అది కార్బన్ డయాక్సైడ్. ఇక్కడ ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు, కట్టె, వంటగ్యాసు, డీజిలు ఏది మండినా, తగినంత గాలి అందనప్పుడు ఈ వాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్, ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గాఢంగా దీనిని పట్టుకుంటుంది. పట్టుకున్న తరువాత తేలికగా వదలదు. మనిషి గాలి పీలుస్తూనే ఉంటాడు గాని శరీరానికి ప్రాణవాయువు అందదు.

మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం. కొండ ప్రాంతంలో ఉన్న యాత్రికుడు ఇది ఎత్తు పడకపోవడం అనుకుంటాడు, లేదా రాత్రి భోజనం వికటించిందనుకుంటాడు. నిద్రలో ఉన్నవాడికి ఆ మాత్రం హెచ్చరిక కూడా అందదు. ఇంకొక విపరీతం ఏమంటే, వేలికి తగిలించి చూసే సాధారణ ఆక్సిమీటరు ఈ విషాన్ని గుర్తించలేదు. అది చూపే అంకె సవ్యంగానే ఉంటుంది, రోగి మాత్రం ప్రమాదంలో ఉంటాడు.

హోటలులో ఈ వాయువుకు దారులు అనేకం. గాలి ఆడని స్నానాల గదిలో బిగించిన గ్యాసు గీజరు, గదిలో పెట్టిన హీటరు లేక కుంపటి, కిటికీ కిందనే నడిచే జనరేటరు, పొగగొట్టం పూడుకుపోయిన బాయిలరు, ఇవన్నీ హోటలువారి అధీనంలోనివే. అతిథి వాటిని ఎంచుకోలేదు, బిగించలేదు, బాగుచేయించలేడు. చట్టం దృష్టిలో ఈ అధీనమే కీలకం.

సరాయి నుంచి ఘంటాఘర్ దాకా

బాటసారికి ఆశ్రయమిచ్చేవాడికి చట్టబద్ధమైన విధులు ఉంటాయన్నది మనకు కొత్త సంగతి కాదు. 1867లో బ్రిటిషు ప్రభుత్వం చేసిన సరాయిల చట్టం గదులనూ బావులనూ శుభ్రంగా ఉంచాలని, కట్టడాన్ని మరమ్మతులో ఉంచాలని, కాపలా మనుషులను పెట్టాలని సరాయి నిర్వాహకుణ్ణి ఆదేశించింది. ఎడ్లబండ్ల కాలంలోనే సత్రపు యజమానికి ఇన్ని విధులు విధించినప్పుడు, గీజర్లూ జనరేటర్లూ నడిపే నేటి హోటలు యజమానికి అంతకంటె తక్కువ విధులు ఉన్నాయని ఎవరూ వాదించజాలరు.

ఇక నిర్లక్ష్యాన్ని ఎవరు రుజువు చేయాలి? ఈ విషయంలో ఢిల్లీ నడిబొడ్డున జరిగిన ఒక దుర్ఘటన దేశానికంతటికీ న్యాయసూత్రాన్ని ఇచ్చింది. చాందినీ చౌక్‌లో టౌన్‌హాలు ఎదుట ఉండిన ఘంటాఘర్ 1951లో కూలిపోయి దారిన పోయేవారు కొందరు మరణించారు. అప్పటికి దాని వయస్సు సుమారు 80 ఏళ్ళు. అందులో వాడిన సున్నపు అడుసు ఆయుర్దాయం 40, 45 ఏళ్ళే. 1966లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఆ కట్టడం పురపాలక సంస్థ అధీనంలోనే ఉన్నది గనుక అది కూలిన సంఘటనే నిర్లక్ష్యానికి సాక్ష్యమని, వేరే రుజువు బాధితులు తేనక్కరలేదని నిర్ణయించింది. ‘జరిగినదే తన కథ తాను చెబుతుంది’ అన్న ఈ సూత్రం హోటలు గదికి ఎంతైనా వర్తిస్తుంది. హోటలు బిగించిన గీజరు నుంచి విషవాయువు వెలువడి అతిథి పడిపోతే, గీజరును ఎప్పుడు బాగుచేయించారో, గాలి పోయే దారి ఎందుకు లేదో చెప్పుకోవలసిన భారం హోటలుపై పడుతుంది. ఒకరి ఎరుకలో మాత్రమే ఉన్న సంగతిని వారే రుజువు చేయాలని 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య చట్టం కూడా, పాత చట్టం మాదిరిగానే, చెబుతున్నది.

ఈతకొలనూ, మారుతీ కారూ

ఢిల్లీ హోటళ్ళకు సంబంధించిన రెండు వ్యాజ్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే, మన న్యాయవ్యవస్థలో వెలుగూ చీకటీ రెండూ గోచరిస్తాయి.

మొదటిది 1972 నాటిది. ఒక జర్మన్ విమాన సంస్థ సహ పైలట్ ఢిల్లీలోని ఐదునక్షత్రాల హోటలులో దిగి, ఈతకొలనులోకి దూకి, తల అడుగుకు తగిలి పక్షవాతానికి గురయ్యాడు. మంచంలోనే ఏళ్ళు గడిపి, దావా నడుస్తుండగానే మరణించాడు. 1997లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య న్యాయమూర్తి, అధిక ధర వసూలు చేసే హోటలుపై అధిక జాగరూకత విధి కూడా ఉంటుందని స్పష్టం చేసి 50 లక్షల రూపాయల పరిహారం మంజూరు చేశారు. కాని 2002లో అదే కోర్టు ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును తిరగవేసింది. గాయపడిన వ్యక్తి మరణంతోనే ఆ దావా హక్కు అంతరించిపోయిందన్నది అందుకు కారణం. వ్యక్తిగత గాయానికి సంబంధించిన దావా ఆ వ్యక్తితోనే పోతుందన్న పాత ఇంగ్లీషు సూత్రపు నీడ ఇంకా మనలను వదలలేదు.

రెండవది ఒక కారు కథ. 1998లో ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటలుకు వచ్చిన ఒక అతిథి తన మారుతీ కారు తాళాలను హోటలు మనిషికి అప్పగించి లోపలికి వెళ్ళాడు. బయటకు వచ్చేసరికి కారు దొంగల పాలైంది. 21 ఏళ్ళ తరువాత, 2019 నవంబరులో, సుప్రీంకోర్టు హోటలునే బాధ్యురాలిని చేసింది. తాము తగిన జాగ్రత్త తీసుకున్నామని నిరూపించుకోవలసినది హోటలేనన్నది. చీటీ వెనుక ‘యజమాని సొంత బాధ్యత’ అని అచ్చువేసుకున్నంత మాత్రాన తన నిర్లక్ష్యపు ఫలితం నుంచి హోటలు తప్పించుకోజాలదని తేల్చి చెప్పింది.

ఈ తీర్పు కారు గురించినదే, నిజమే. కాని అతిథి వాహనాన్ని కాపాడవలసిన హోటలుకు అతిథి ప్రాణాన్ని కాపాడే విధి లేదని ఏ న్యాయస్థానమైనా అనగలదా? కారు తాళాలు అప్పగించినవాడు కారును మాత్రమే అప్పగించాడు. గదిలో నిద్రించినవాడు తననే అప్పగించుకున్నాడు. ‘యాజమాన్యం బాధ్యత వహించదు’ అని గల్లాపెట్టె పైన వేలాడే బోర్డులకు ఈ తీర్పు తరువాత విలువ లేదనే చెప్పాలి.

సామాన్యుని చేతిలోని ఆయుధం

సివిలు కోర్టు దావాలు పాతికేళ్ళు నడుస్తాయని పైన చూశాము. సామాన్య యాత్రికుడికి దగ్గరి దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. ఇది 2020 జులై 20న అమలులోకి వచ్చింది. సేవాలోపం అన్న మాటకు ఈ చట్టం ఇచ్చిన అర్థంలోనే నిర్లక్ష్యం చేరి ఉన్నది. డబ్బు చెల్లించినవాడే కాదు, అతని సమ్మతితో ఆ సేవ పొందిన భార్యాబిడ్డలు కూడా వినియోగదారులే. వినియోగదారుడు మరణిస్తే వారసులు ఫిర్యాదు చేయవచ్చు.

అన్నింటికంటె ముఖ్యమైన మార్పు, ఫిర్యాదుదారుడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. మనాలీ హోటలులో విషవాయువుకు గురైన గుంటూరు కుటుంబం కులూ జిల్లాకు తిరగనక్కరలేదు, గుంటూరులోని జిల్లా కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. ఏ స్థాయి కమిషన్‌కు వెళ్ళాలన్నది ఇప్పుడు కోరే పరిహారాన్ని బట్టి గాక చెల్లించిన ధరను బట్టి నిర్ణయమవుతుంది. 50 లక్షలలోపు ధర అయితే జిల్లా కమిషనే. హోటలు గది అద్దె ఆ హద్దును దాటదు గనుక ఇలాంటి ఫిర్యాదులన్నీ అక్కడే మొదలవుతాయి. ఈ పద్ధతి రాజ్యాంగబద్ధమేనని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. గడువు రెండేళ్ళు. గీజరు తయారీలోనే లోపం ఉన్నట్లయితే తయారీదారుణ్ణి కూడా ఇదే చట్టం కింద బాధ్యుణ్ణి చేయవచ్చు.

మరణం సంభవించినప్పుడు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద భార్య, భర్త, తల్లిదండ్రులు, సంతానం కొరకు సివిలు దావా వేసే మార్గమూ ఉన్నది. దానికీ గడువు రెండేళ్ళే. క్రిమినలు బాధ్యత వేరు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత శిక్షాస్మృతిలో గరిష్ఠ శిక్ష రెండేళ్ళు కాగా, 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను దానిని ఐదేళ్ళకు పెంచింది. ప్రమాదం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం నమోదు చేయించవచ్చునని కొత్త ప్రక్రియా స్మృతి చెబుతున్నది. తలుపు గడియ వేసుకున్నారన్న వాదన నిలిచినా అది పరిహారాన్ని కొంత తగ్గించగలదే గాని, హోటలు బాధ్యతను తుడిచిపెట్టదు.

అయితే ఈ ఆయుధం సరిహద్దు దాటి దూరం పోదు. దామన్ వంటి చోట విదేశీ హోటలు ఆస్తులపై మన కమిషన్ ఉత్తర్వు అమలు కావడం దుర్లభం. అప్పుడు ఆ యాత్రను ఏర్పాటు చేసిన స్వదేశీ సంస్థ ఏదైనా ఉన్నదా అని చూడాలి. 2006లో గ్రీసు దేశపు కోర్ఫూ ద్వీపంలో బాయిలరు లోపంవల్ల ఇదే వాయువుకు ఇద్దరు బ్రిటిషు పిల్లలు హోటలు ఆవరణలో బలి అయ్యారు. 2010లో గ్రీకు న్యాయస్థానం హోటలు మేనేజరును శిక్షించింది. 2015లో ఇంగ్లండులోని విచారణ మండలి, యాత్ర ఏర్పాటు చేసిన సంస్థ తన జాగ్రత్త విధిని ఉల్లంఘించిందని కూడా తేల్చింది. మొత్తం యాత్రను అమ్మినవాడే దారిలోని హోటలుకు జవాబుదారీ అన్న ప్రత్యేక శాసనం అక్కడ ఉన్నది. మన దగ్గర సేవాలోపం అన్న సాధారణ నిబంధనతోనే నెట్టుకురావలసి ఉన్నది. ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్రలకు తెలుగు జిల్లాలనుంచి బస్సులు కట్టుకుని వెళ్ళేవారు రశీదును భద్రపరచుకోవడం అందుకే అవసరం.

బతికినవారికే రుజువు కష్టం

ఇంత చట్టం ఉండగా బాధితులు ఎందుకు ఓడిపోతున్నారు? ఇక్కడ వైద్యశాస్త్రం ఒక క్రూరమైన చిక్కు తెచ్చిపెడుతుంది. మరణించినవారి రక్తంలో ఈ విషం నిలిచి ఉంటుంది, శవపరీక్షలో బయటపడుతుంది. బతికి బయటపడినవారి రక్తంలోనుంచి అది తొలగిపోతుంది. మామూలు గాలిలో నాలుగైదు గంటలకు, ప్రాణవాయువు పెడితే గంట, గంటన్నరకే సగానికి తగ్గుతుంది. అంటే రోగిని కాపాడే చికిత్సే అతని సాక్ష్యాన్ని చెరిపివేస్తుంది. ‘ఆహారం వికటించింది’ అని వ్రాసి ఆసుపత్రివారు ఇంటికి పంపుతారు. వారాల తరువాత జ్ఞాపకశక్తి సన్నగిల్లడం, నడక తడబడడం, స్వభావం మారిపోవడం వంటి లక్షణాలు కనిపించవచ్చు. అప్పటికి రక్తంలో విషం లేదు, గదిలో వాయువు లేదు, గీజరు మారిపోయింది, గోడకు కొత్త కన్నం పడింది.

కనుక బాధితుడి వెంట ఉన్నవారు చేయవలసిన పనులు నాలుగు. చికిత్సతో పాటే, ఆలస్యం లేకుండా, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పరీక్ష చేయమని వైద్యుణ్ణి అడగాలి. ఆ గదిని, హీటరును, గీజరును, కిటికీలను ఫోటోలు తీయాలి. పోలీసులకు వ్రాతపూర్వకంగా తెలిపి, ఆ పరికరాన్ని కదలించకుండా స్వాధీనం చేసుకోమని కోరాలి. గది రశీదునూ ఆసుపత్రి కాగితాలనూ దాచుకోవాలి. దుఃఖంలో ఉన్నవారికి ఇవి చెప్పడం కటువుగా తోచవచ్చు. కాని రేపు న్యాయస్థానంలో మాట్లాడేవి ఇవే.

లైసెన్సు ఇచ్చినవారి మాట

చివరకు రాజకీయ ప్రశ్న ఒకటి మిగులుతుంది. ఢిల్లీ గ్రీన్‌పార్కులోని ఉపహార్ సినిమా హాలులో 1997 జూన్ 13న 59 మంది మరణించారు. వారిని చంపినది మంటకంటె పొగే. ట్రాన్స్‌ఫార్మరు నుంచి లేచిన విషవాయువులు బాల్కనీని కమ్మివేశాయి, బయటకు దారులు మూసుకుపోయి ఉన్నాయి. హైకోర్టు థియేటరు యజమానితో పాటు విద్యుత్ బోర్డును, నగరపాలక సంస్థను, లైసెన్సు అధికారిని కూడా బాధ్యులను చేసింది. 2011లో సుప్రీంకోర్టు నగరపాలక సంస్థనూ లైసెన్సు అధికారినీ పరిహార బాధ్యతనుంచి తప్పించి, 85 శాతం థియేటరుపైన, 15 శాతం విద్యుత్ బోర్డుపైన ఉంచింది. మృతులలో 20 ఏళ్ళు దాటినవారికి 18 లక్షలుగా ఉన్న పరిహారాన్ని 10 లక్షలకు, మిగిలినవారికి 15 లక్షలుగా ఉన్నదానిని ఏడున్నర లక్షలకు తగ్గించింది. తనిఖీ చేయకుండానే సంతకం పెట్టినవాడు తన జేబునుంచి చెల్లించనవసరం లేనప్పుడు తనిఖీ ఎందుకు సాగుతుంది?

ప్రతి హోటలు గదిలోనూ కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే పరికరం ఉండి తీరాలని దేశమంతటికీ వర్తించే శాసనం మనకు లేదు. జాతీయ భవన నియమావళి ఉన్నది గాని, రాష్ట్రాలు తమ నిబంధనలలో చేర్చుకుంటే తప్ప అది సలహా మాత్రమే. ఆ పరికరం ఖరీదు కొద్ది వేల రూపాయలు. లైసెన్సు పునరుద్ధరణ షరతులలో ఒక్క వాక్యం చేర్చడానికి పార్లమెంటు దాకా పోనక్కరలేదు, రాష్ట్ర ప్రభుత్వాల ఉత్తర్వు చాలు. లంబసింగి, అరకు చలిని చూడడానికి ఏటా వేలాది మందిని ఆహ్వానిస్తున్న మన ప్రభుత్వం ఈ పని ముందుగా చేస్తే ఢిల్లీకి కూడా దారి చూపినట్లవుతుంది. శాసనసభలో ఏ పక్షానికి చెందిన సభ్యుడైనా ఈ ప్రశ్న వేయవచ్చు, ఇందులో పార్టీల పేచీ ఏమీ లేదు.

అతిథిని దేవుడన్న దేశం మనది. విమానాశ్రయాలలో, పర్యాటక శాఖ ప్రకటనలలో ఆ మాట ఘనంగా వ్రాసుకుంటున్నాము. ఆ అతిథి రాత్రి తలుపు వేసుకుని పడుకున్న తరువాత ఉదయం లేవడానికి పూచీ ఎవరిదన్న ప్రశ్నకు చట్టం హోటలు పేరే చెబుతున్నది. హోటలుకు లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వం పేరు కూడా చెప్పే రోజు రావలసి ఉన్నది.